రాత్రి ఎక్కించిన ఫొటో తెల్లారేసరికి ఎందుకుండదు? క్లౌడ్ ప్లాట్‌ఫామ్‌లలో ఫైళ్ల నిల్వ

సంక్షిప్తంగా: అప్లికేషన్లు నడిపే క్లౌడ్ ప్లాట్‌ఫామ్‌లలో చాలావరకు, అప్లికేషన్ తన డిస్క్ మీద రాసుకున్న ఫైళ్లు రీస్టార్ట్ తర్వాత మిగలవు. ఇది లోపం కాదు, తెలిసి పెట్టుకున్న పద్ధతి. యూజర్లు ఎక్కించే ఫొటోలు, పీడీఎఫ్‌లకు ఆబ్జెక్ట్ స్టోరేజ్ (ఫైళ్లను దాచిపెట్టే విడి సేవ), వివరాలకు విడిగా డేటాబేస్ వాడటం చాలామందికి సరైన దారి. అప్లికేషన్‌కు విడిగా తగిలించే జత డిస్క్‌తోనూ పని జరుగుతుంది, కానీ దానికి కొన్ని షరతులున్నాయి. విశాఖకు డేటా సెంటర్ రావడం వల్ల ఈ లెక్క మారదు.

ఎంవీపీ కాలనీలో ఒక కోచింగ్ సెంటర్ ఉందనుకుందాం. అడ్మిషన్ల కోసం ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు దానికో చిన్న వెబ్ అప్లికేషన్ రాసిచ్చారు. సాయంత్రం ఆఫీసులో ఉన్న అమ్మాయి 37 మంది పిల్లల వివరాలు, ఫొటోలు, టెన్త్ మార్కుల మెమోలు ఎక్కించింది. ఎక్కించిన ప్రతి ఫొటో అప్పటికప్పుడే తెరమీద కనబడింది. మర్నాడు పొద్దున తెరిస్తే పేర్లున్నాయి, ఫోన్ నంబర్లున్నాయి. ఫొటో ఉండాల్సిన చోట మాత్రం చిరిగిన బొమ్మ గుర్తుంది. మెమో లింకు నొక్కితే ‘ఫైల్ దొరకలేదు’ అనే 404 ఎర్రర్ వస్తోంది. అప్లికేషన్ రాసిన కుర్రాళ్లకు ఫోన్ వెళ్లింది. వాళ్ల ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే నడుస్తోంది. సర్వర్ లాగ్ తీసి చూస్తే రాత్రి ఏ ఎర్రరూ లేదు. ఎవరూ ఏదీ డిలీట్ చేయలేదు.

కోచింగ్ సెంటర్ ఊహే గానీ సమస్య ఊహ కాదు. తొలి అప్లికేషన్‌ను క్లౌడ్‌లో పెట్టినవాళ్లు చాలామంది ఏదో ఒక రోజు ఈ చిరిగిన బొమ్మను చూసినవాళ్లే. పేర్లు ఉండి ఫొటోలు పోవడంలోనే అసలు గుట్టు ఉంది. పేర్లు డేటాబేస్‌లోకి వెళ్లాయి, ఫొటోలు కంటైనర్ డిస్క్‌లోకి, అంటే అప్లికేషన్ నడవడానికి ప్లాట్‌ఫామ్ ఇచ్చే తాత్కాలిక గదిలోకి వెళ్లాయి. డేటాబేస్‌కు విడిగా ఒక నిలకడైన చోటు ఉంది. కంటైనర్ డిస్క్‌కు లేదు.

విశాఖలో ఈ ప్రశ్నకు ఈమధ్య ఇంకో ముడి పడింది. 2025 అక్టోబర్ 14న గూగుల్ ఇక్కడ ఏఐ హబ్ పెడతామని, 2026 నుంచి 2030 దాకా ఐదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని ప్రకటించింది. ఆ ప్రణాళికలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రగర్భ కేబుళ్లకు గేట్‌వే ఉన్నాయి. అప్పటినుంచి ‘సర్వర్లు మన ఊళ్లోనే ఉంటే మన ఫైళ్లు కూడా ఇక్కడే భద్రంగా ఉంటాయి కదా’ అనే మాట సహజంగానే వస్తోంది. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఫైల్ ఏ ఊళ్లో ఉంటుందన్నది ఒకటి. అసలు ఉంటుందా అన్నది ఇంకొకటి. ముందు రెండోదాని సంగతి చూడాలి.

24 గంటల లాడ్జి

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర 24 గంటల చెక్అవుట్ పద్ధతి ఉన్న లాడ్జిలో దిగామనుకుందాం. గదిలో మంచం, బల్ల, బకెట్, మగ్గు ఉంటాయి. ఉన్నంతసేపూ గది మనదే. బల్లమీద పుస్తకాలు పరుచుకోవచ్చు, తీగమీద తువ్వాలు ఆరేసుకోవచ్చు. గడువు తీరగానే రూమ్ బాయ్ వచ్చి దుప్పటి మార్చి, అన్నీ తీసేసి, గదిని మొదటిరోజు ఎలా ఉందో అలా చేసేస్తాడు. బల్లమీద మర్చిపోయిన కాగితం అతనికి చెత్తే. అందులో అతని తప్పేమీ లేదు.

క్లౌడ్ ప్లాట్‌ఫామ్‌లో కంటైనర్ సరిగ్గా ఇలాంటి గది. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ నుంచి కోడ్ తీసుకుని ప్లాట్‌ఫామ్ ఒక ‘ఇమేజ్’ తయారుచేస్తుంది. కోడ్, లైబ్రరీలు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కావాల్సిన ఫైళ్లు అన్నీ ఒక్కచోట గడ్డకట్టినట్టు ఉండే మూట అది. దాన్ని ఎవరూ మార్చలేరు. అప్లికేషన్ మొదలైనప్పుడు ఈ ఇమేజ్ పైన రాసుకోవడానికి వీలైన ఒక పల్చటి పొర వేస్తారు. అచ్చేసిన మ్యాప్ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి పెన్సిల్‌తో గీసినట్టన్నమాట. అప్లికేషన్ రాసే ప్రతి ఫైల్ ఆ పేపర్ మీదే పడుతుంది. కంటైనర్ ఆగి కొత్తది మొదలైతే పాత ట్రేసింగ్ పేపర్ పోతుంది, మ్యాప్ మీద కొత్త పేపర్ వస్తుంది. లాగ్‌లో ఎర్రర్ లేకపోవడానికి కారణం ఇదే. ఫైల్‌ను ఎవరూ చెరపలేదు, ఫైల్ ఉన్న పేపరే మారింది.

కంటైనర్ మారే సందర్భాలు చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చి డిప్లాయ్ చేస్తే, అంటే కొత్త కోడ్‌ను ప్లాట్‌ఫామ్‌లో పెడితే మారుతుంది. మెమొరీ నిండి అప్లికేషన్ కూలిపోయినా అంతే. కింద ఉన్న అసలు మెషీన్‌ను ప్లాట్‌ఫామ్ వాళ్లు మరమ్మతుకు తీసినప్పుడు మన ప్రమేయం లేకుండానే మారిపోతుంది. ఉచిత ప్లాన్లలో కాసేపు ఎవరూ రాకపోతే అప్లికేషన్‌ను నిద్రపుచ్చుతారు. మళ్లీ లేచేది కొత్త గదిలోనే.

ఇంకో చిక్కు మరీ తికమకపెడుతుంది. రద్దీకి తట్టుకోవడానికి ఒకే అప్లికేషన్‌ను రెండు కంటైనర్లలో నడుపుతున్నారనుకుందాం. ఫొటో మొదటిదాని డిస్క్‌లో పడింది. పేజీ రిఫ్రెష్ చేస్తే రిక్వెస్ట్ ఒకసారి మొదటిదానికి, ఇంకోసారి రెండోదానికి వెళ్తుంది. ఫొటో ఒకసారి కనబడుతుంది, మళ్లీ కొడితే మాయం, ఇంకోసారి కొడితే ప్రత్యక్షం. వైవాలో ఎగ్జామినర్ ముందు ఇలా జరిగితే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు. చాలామంది బ్రౌజర్ క్యాష్‌ను (బ్రౌజర్ దాచుకునే పాత కాపీని) అనుమానించి గంటలు పోగొట్టుకుంటారు. క్యాష్‌కు దీంతో సంబంధం లేదు.

ల్యాప్‌టాప్‌లో ఇదేదీ కనబడకపోవడానికి కారణం తేలికే. అక్కడ గది మారదు. ప్రోగ్రామ్‌ను వందసార్లు ఆపి మొదలుపెట్టినా హార్డ్ డిస్క్ అదే, ఫోల్డర్ అదే.

ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది

పదిహేనేళ్ల కిందట వెబ్‌సైట్ పెట్టినవాళ్లకు ఈ బాధ తెలియదు. సీప్యానెల్ ఉన్న షేర్డ్ హోస్టింగ్ కొనుక్కుని, ఎఫ్‌టీపీతో ఫైళ్లు పంపి, అప్‌లోడ్స్ ఫోల్డర్‌కు అనుమతులిచ్చేవారు. ఆ ఫోల్డర్ ఏళ్ల తరబడి అలాగే ఉండేది. వర్డ్‌ప్రెస్ ఇప్పటికీ మామూలుగా ఫొటోలను తన అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే పెడుతుంది. వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్కులైన జాంగోలో మీడియా ఫోల్డర్, లారవెల్‌లో స్టోరేజ్ ఫోల్డర్ కూడా ఆ అలవాటు మీదే నడుస్తాయి. ఫ్రేమ్‌వర్క్ పాఠాలు సొంత డిస్క్ ఉన్న సర్వర్‌ను మనసులో పెట్టుకుని రాసినవి, విద్యార్థి డిప్లాయ్ చేస్తున్నది డిస్క్ నిలవని కంటైనర్‌లో. గొడవంతా ఈ మధ్యలోనే పుడుతోంది.

మార్పు 2006లో మొదలైంది. ఆ ఏడాది మార్చిలో అమెజాన్ ఎస్3 అనే నిల్వ సేవను, కొన్ని నెలలకే అద్దె సర్వర్లిచ్చే ఈసీ2ను తెచ్చింది. 2007లో హెరోకు వచ్చింది. గిట్‌తో కోడ్ నెడితే చాలు, సర్వర్ సంగతి మేం చూసుకుంటామన్నది దాని మాట. ఆ మాట నిలబడాలంటే ప్లాట్‌ఫామ్‌కు ఒక స్వేచ్ఛ కావాలి. ఏ మెషీన్ చెడిపోయినా అప్లికేషన్‌ను ఇంకో మెషీన్‌కు నిమిషాల్లో మార్చేయగలగాలి, రద్దీ పెరిగితే ఒకటిని పది చేయగలగాలి. అప్లికేషన్ తన సామాన్లను ఆ గదిలోనే పెట్టుకుంటే ఇదేదీ కుదరదు. అందుకే హెరోకులో డైనో అని పిలిచే కంటైనర్‌ను రోజుకోసారైనా రీస్టార్ట్ చేసే నియమం పెట్టారు. దాంతోపాటు లోకల్ ఫైళ్లు పోతాయి. హెరోకు సహ వ్యవస్థాపకుడు ఆడమ్ విగ్గిన్స్ 2011 ప్రాంతంలో ఈ అనుభవాన్ని ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ పేరుతో 12 సూత్రాలుగా రాశారు. ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) తన దగ్గర ఏదీ దాచుకోకూడదని, నిలవాల్సినదేదైనా విడిగా ఉన్న సేవలో పెట్టాలని అందులో ఉంది. 2013లో కంటైనర్లు తయారుచేసి నడిపే డాకర్ అనే సాధనం వచ్చాక కంటైనర్ పద్ధతి అందరికీ పాకింది, సూత్రం కూడా దాంతోపాటే పాకింది.

2022 నవంబర్ 28న హెరోకు ఉచిత ప్లాన్లు ఆపేసింది. అప్పటిదాకా దానిమీదే ప్రాజెక్టులు పెట్టిన విద్యార్థులు వేర్వేరు ప్లాట్‌ఫామ్‌లకు చెదిరిపోయారు. ఫైళ్ల విషయంలో ఒక్కో ప్లాట్‌ఫామ్‌ది ఒక్కో నియమం. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికిరాక అయోమయం ఇంకా పెరిగింది.

ఎక్కడ ఏ నియమం

రెండర్‌లో ఉచిత వెబ్ సర్వీసుకు 15 నిమిషాలు ఎవరూ రాకపోతే అది నిద్రపోతుంది. నిద్రపోయినప్పుడల్లా డిస్క్ మీద చేసిన మార్పులు పోతాయి. కింద టీ తాగి వచ్చేలోపు ఫొటోలు మాయమవడానికి కారణం ఇదే. డబ్బు కట్టే ప్లాన్లలో మాత్రం విడిగా డిస్క్ జత చేసుకోవచ్చు. రైల్వే, ఫ్లై అనే ప్లాట్‌ఫామ్‌లలో ‘వాల్యూమ్’ పేరుతో ఇలాంటి డిస్కే దొరుకుతుంది. డిజిటల్‌ఓషన్ యాప్ ప్లాట్‌ఫామ్ వేరే దారి పట్టింది. లోకల్ ఫైళ్లు నిలవవు, స్పేసెస్ అనే తమ ఆబ్జెక్ట్ స్టోరేజ్‌గానీ డేటాబేస్‌గానీ వాడమంటుంది.

రిక్వెస్ట్ వచ్చినప్పుడు మాత్రమే ఒక చిన్న కోడ్ ముక్కను (ఫంక్షన్‌ను) నడిపే సర్వర్‌లెస్ సేవల్లో గది అద్దె ఇంకా తక్కువసేపు. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లోని ల్యాంబ్డాలో ఫంక్షన్‌కు టెంప్ ఫోల్డర్ ఒక్కటే రాసుకునే చోటు. మామూలుగా 512 ఎంబీ ఇస్తారు, అడిగితే 10,240 ఎంబీ దాకా పెంచుతారు. వెర్సెల్‌లోనూ డిస్క్ చదవడానికే, టెంప్‌లో 500 ఎంబీ దాకా తాత్కాలికంగా రాయొచ్చు. ఫంక్షన్‌కు ఒక్కో రిక్వెస్ట్‌లో 4.5 ఎంబీకి మించి పంపనివ్వదు కూడా. ఫోన్ కెమెరాతో తీసిన మార్కుల మెమో ఫొటో ఒక్కోసారి అంతకన్నా పెద్దదే ఉంటుంది.

గూగుల్ క్లౌడ్ రన్‌లో ఒక ప్రమాదం పైకి కనబడదు. మామూలుగా అక్కడ డిస్క్‌లా కనిపించేది నిజానికి మెమొరీ. 200 ఎంబీ వీడియో రాస్తే 200 ఎంబీ ర్యామ్ తింటుంది. పరిమితి దాటితే ప్లాట్‌ఫామ్ ఆ కంటైనర్‌నే ఆపేస్తుంది. ఫైల్ పోవడం సరే, ఆ సమయంలో అప్లికేషన్ వాడుతున్న మిగతావాళ్ల పని కూడా ఆగిపోతుంది.

మైక్రోసాఫ్ట్ అజూర్ యాప్ సర్వీస్ వీటికి భిన్నం. అక్కడ హోమ్ ఫోల్డర్ నెట్‌వర్క్ మీద ఉన్న ఉమ్మడి నిల్వ. అందులో రాసినవి రీస్టార్ట్ తర్వాతా ఉంటాయి, అప్లికేషన్ రెండు మూడు ఇన్‌స్టాన్స్‌లుగా (ఒకేసారి నడిచే ప్రతులుగా) నడుస్తున్నా అన్నిటికీ కనబడతాయి. హోమ్ బయట రాసినవి మాత్రం పోతాయి. లైనక్స్‌లో సొంత కంటైనర్ పెట్టుకున్నవాళ్లు ఈ ఉమ్మడి నిల్వ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

పైథాన్‌ఎనీవేర్‌లో పాత షేర్డ్ హోస్టింగ్ లాగే ఫైళ్లు నిలుస్తాయి. ఒక చిన్న జాంగో ప్రాజెక్టును వైవా దాకా నడపడానికి అది చాలు. గ్లిచ్ కూడా ఫైళ్లను నిలిపి ఉంచేది, కానీ 2025 జూలై 8న ప్రాజెక్టుల హోస్టింగే ఆపేసింది. డిస్క్ నమ్మకమైనదే అయినా దుకాణం మూతపడవచ్చు. ఉచిత సేవను ఎంచుకునేటప్పుడు, ఫైళ్లన్నీ ఒకేసారి బయటకు తీసుకునే దారి ఉందా అని చూడటం అందుకే అవసరం.

డిస్క్ జత చేస్తే తీరిపోతుందా

కోడ్ మార్చకుండా సమస్యను పోగొట్టే దారి జత డిస్క్. అందుకే మొదట అందరి చూపూ దానిమీదే పడుతుంది. లాడ్జి గదిలో గోడకు బిగించిన బీరువా అనుకోవచ్చు. దుప్పటి మారినా బీరువాలో సామాన్లు ఉంటాయి. కానీ బీరువా ఆ ఒక్క గదికే.

రెండర్‌లో డిస్క్ జత చేసిన సర్వీసును ఒకటికి మించిన ఇన్‌స్టాన్స్‌లలో నడపలేరు. డిప్లాయ్ సమయంలోనూ తేడా వస్తుంది. మామూలుగా కొత్త కంటైనర్ సిద్ధమయ్యాకే పాతదాన్ని ఆపుతారు కాబట్టి యూజర్లకు ఆగినట్టు తెలియదు. డిస్క్ ఉంటే రెండూ ఒకేసారి పట్టుకోలేవు. పాతదాన్ని ఆపి కొత్తదాన్ని మొదలుపెట్టాలి, ఆ మధ్యలో కాసేపు సైట్ అందదు. డిస్క్ సైజు తర్వాత పెంచుకోవచ్చు గానీ తగ్గించలేరు. రైల్వేలో కూడా వాల్యూమ్ పెట్టుకుంటే రెప్లికాలు, అంటే అదనపు ఇన్‌స్టాన్స్‌లు వదులుకోవాలి.

ఫ్లైలో వాల్యూమ్ ఒకే భౌతిక సర్వర్ మీద ఉంటుంది. ఆ సర్వర్ చెడితే ఆ డేటా పోవచ్చని ఆ కంపెనీయే తన డాక్యుమెంట్లలో చెబుతుంది. కనీసం రెండు మెషీన్లు, రెండు వాల్యూములు పెట్టుకోమంటుంది. వాటిమధ్య డేటాను కాపీ చేసుకునే బాధ్యత అప్లికేషన్‌దే. రెండో సంవత్సరం విద్యార్థి తలకెత్తుకోవాల్సిన పని కాదది.

అలాగని డిస్క్ పనికిరాదని కాదు. ఒకే ఇన్‌స్టాన్స్, పరిమిత యూజర్లు, డిప్లాయ్‌కు అర నిమిషం సైట్ ఆగినా పర్వాలేదనుకునే ఆఫీసు లోపలి పనులకు డిస్క్ చక్కగా సరిపోతుంది. ఒక షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసులో పదిమంది మాత్రమే వాడే బిల్లుల అప్లికేషన్‌కు ఇంతకన్నా పెద్ద ఏర్పాటు దండగ.

క్లోక్ రూమ్ టోకెన్

విశాఖ రైల్వే స్టేషన్‌లో దిగినవాళ్లు లాడ్జి తీసుకోకుండానే సింహాచలం వెళ్లిరావాలంటే పెట్టెను క్లోక్ రూమ్‌లో ఇస్తారు. టోకెన్ జేబులో పెట్టుకుంటారు. పెట్టె ఏ అరలో ఉందో వాళ్లకు అనవసరం, టోకెన్ చూపిస్తే పెట్టె వస్తుంది. తర్వాత ఏ లాడ్జిలో దిగినా, ఎన్ని గదులు మారినా టోకెన్ చెల్లుతుంది. ఆబ్జెక్ట్ స్టోరేజ్ కూడా ఇంతే. ఫైల్‌ను ‘బకెట్’ అనే నిల్వ అరలో పెట్టి ఒక కీ తీసుకుంటాం. ఆ కీని డేటాబేస్‌లో రాసుకుంటాం. ఎన్ని కంటైనర్లున్నా అందరూ అదే కీతో అదే ఫైల్ తెచ్చుకుంటారు.

దీనికి కోడ్‌లో మార్పు తప్పదు, కానీ అనుకున్నంత పెద్దది కాదు. జాంగోలో జాంగో-స్టోరేజెస్ అనే లైబ్రరీ వేసి సెట్టింగ్స్‌లో కొన్ని లైన్లు మారిస్తే చాలు, ఫొటోల ఫీల్డ్ అలాగే పనిచేస్తుంది. లారవెల్‌లోనూ ఏ డిస్క్ వాడాలన్నది కాన్ఫిగరేషన్ వ్యవహారమే. వర్డ్‌ప్రెస్‌కు ప్లగిన్లున్నాయి. ఎస్3 మాట్లాడే భాషనే మిగతా కంపెనీలూ చాలావరకు నేర్చుకున్నాయి. కాబట్టి రేపు ఇంకో చోటుకు మారాలంటే అడ్రస్, తాళాలు మారుస్తారు తప్ప కోడ్ తిరగరాయనక్కర్లేదు.

ఫైల్ ఎటునుంచి ప్రయాణిస్తుందన్నది చాలామంది పట్టించుకోని విషయం. బ్రౌజర్ నుంచి సర్వర్‌కు, సర్వర్ నుంచి బకెట్‌కు పంపితే ప్రతి ఫొటో రెండుసార్లు నడుస్తుంది, మధ్యలో సర్వర్ మెమొరీ తింటుంది. దీనికి మంచి దారి ఉంది. సర్వర్ కొద్ది నిమిషాలు మాత్రమే చెల్లే ఒక సంతకం చేసిన లింకు తయారుచేసి బ్రౌజర్‌కిస్తుంది. బ్రౌజర్ ఆ లింకుతో ఫైల్‌ను నేరుగా బకెట్‌లో పెడుతుంది. పెట్టాక కీ పేరును మాత్రం సర్వర్‌కు చెబుతుంది. వెర్సెల్‌లో 4.5 ఎంబీ గోడ కూడా దీంతో అడ్డురాదు. చూపించేటప్పుడూ అంతే, గడువున్న లింకు ఇవ్వాలి. మార్కుల మెమోలున్న బకెట్‌ను పబ్లిక్‌గా తెరిచిపెట్టడం మాత్రం క్షమించరాని తప్పు. లింకు తెలిసినవాళ్లెవరైనా పిల్లల పేర్లు, పుట్టినతేదీలు చూసేయగలరు.

ఖర్చు లెక్క వేస్తే కొన్ని భయాలు పోతాయి, ఒక కొత్త జాగ్రత్త మొదలవుతుంది. కోచింగ్ సెంటర్‌లో 400 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 300 కేబీ ఫైళ్లు మూడు అనుకుంటే మొత్తం 360 ఎంబీ. ముంబై రీజియన్‌లో (ముంబైలోని అమెజాన్ డేటా సెంటర్ల సముదాయంలో) ఎస్3 నిల్వ ధర జీబీకి నెలకు రెండున్నర సెంట్ల ప్రాంతంలో ఉంటూ వచ్చింది. అంటే నెలకు ఒక సెంటు కూడా కాదు. ఇప్పుడు అదే సెంటర్ 40 వీడియో పాఠాలు పెట్టిందనుకుందాం, ఒక్కోటి 500 ఎంబీ. నిల్వ 20 జీబీయే, అరడాలరు. కానీ 400 మంది అన్నీ ఒక్కసారి చూస్తే బయటకు వెళ్లే డేటా 8,000 జీబీ. ముంబై నుంచి ఇంటర్నెట్‌కు పంపడానికి నెలలో మొదటి 100 జీబీ పోగా జీబీకి దాదాపు 11 సెంట్లు. బిల్లు 860 డాలర్లు దాటుతుంది. అదే పని క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2లో చేస్తే బయటకు పంపినందుకు ఛార్జీ లేదు. నిల్వలో 10 జీబీ ఉచితం, మిగతాదానికి జీబీకి ఒకటిన్నర సెంటు. ధరలు మారుతుంటాయి, తేడా స్వభావం మాత్రం ఇది. ఫైల్ దాచడం చవక, దాన్ని వేలమందికి పంపడమే ఖరీదు. చిన్న ఫొటోలు, మెమోలకు ఏ బకెట్ అయినా ఒకటే. వీడియోలుంటే ముందు పంపే ఛార్జీ చూసి ఎంచుకోవాలి.

ఎస్‌క్యూలైట్ అనే ఒకే ఫైల్

జాంగో కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ వస్తుంది. అది డిస్క్ మీద ఉండే ఒకే ఒక్క ఫైల్. నిలవని డిస్క్ మీద దాన్ని పెడితే ఫొటోలే కాదు, పేర్లు, పాస్‌వర్డులు, ఫీజు రసీదులు కూడా పోతాయి. ఆ ఫైల్‌ను గిట్‌లో చేర్చినవాళ్లకు పరిస్థితి ఇంకా వింతగా ఉంటుంది. ప్రతి డిప్లాయ్‌కూ డేటాబేస్ పాత రోజుకు వెనక్కి వెళ్తుంది. ఈవేళ చేరిన విద్యార్థి రేపు ఉండడు, నెలకిందట తీసేసిన టెస్ట్ యూజర్ తిరిగొస్తాడు. జత డిస్క్ మీద ఒకే ఇన్‌స్టాన్స్‌తో ఎస్‌క్యూలైట్ నిక్షేపంగా నడుస్తుంది. నెట్‌వర్క్ మీద ఉన్న ఉమ్మడి ఫోల్డర్‌లో మాత్రం ఫైల్ లాకింగ్ సరిగా పనిచేయక పాడయ్యే ప్రమాదం ఉంది. మిగతా సందర్భాల్లో పోస్ట్‌గ్రెస్ లాంటి విడి డేటాబేస్‌కు మారిపోవడమే మంచిది.

నిలవడం వేరు, బ్యాకప్ వేరు

ఎస్3లో పెట్టిన వస్తువు ఏడాదిపాటు చెక్కుచెదరకుండా ఉండే అవకాశం 99.999999999 శాతం ఉండేలా దాన్ని రూపొందించామని అమెజాన్ చెబుతుంది. కోటి ఫైళ్లు దాస్తే సగటున పదివేల ఏళ్లకు ఒకటి పోవచ్చని దాని అర్థం. ఈ అంకె డిస్కులు చెడిపోవడం గురించే. ఆఫీసులో ఎవరో పొరపాటున డిలీట్ నొక్కితే, లేదా కోడ్‌లో తప్పు లూప్ ఒకటి పాత ఫైళ్లన్నీ తుడిచేస్తే, ఆ డిలీట్ కూడా అంతే నమ్మకంగా అమలవుతుంది. దానికి మందు వెర్షనింగ్. బకెట్‌లో అది ఆన్ చేసి ఉంటే చెరిపిన ఫైల్ పాత రూపం తిరిగి తీసుకోవచ్చు.

చోటు సంగతి ఇంకా గట్టిది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే ఉన్న కొందరు కస్టమర్లు అసలూ నకలూ రెండూ పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డెజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ నిల్వ, దాదాపు 858 టెరాబైట్లు, అందులో పోయింది. మరీ పెద్దదిగా ఉందని దానికి బయట బ్యాకప్ పెట్టలేదు.

విశాఖవాసులకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఒకే ఊళ్లో ఆఫీసు కంప్యూటర్, పక్క బీరువాలో హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకు రెండు కాపీలున్నట్టు కాదు. వాన ఒకటే, నీళ్లు ఒకటే. ఒక కాపీ వేరే ఊరి రీజియన్‌లో, వీలైతే వేరే ఖాతాలో ఉండాలి. నెలకోసారైనా ఆ కాపీ నుంచి ఒక ఫైల్ తీసి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో చెప్పలేం.

విశాఖలో డేటా సెంటర్ వస్తే

ఇప్పుడు మొదటి ప్రశ్న, ఫైల్ ఏ ఊళ్లో ఉంటుందన్నది. డేటా సెంటర్ భవనం, డెవలపర్ మెనూలో ఎంచుకునే ‘రీజియన్’ రెండూ ఒకటి కావు. ఊళ్లో భవనం లేచినంత మాత్రాన పక్క వీధిలో కుర్రాడి అప్లికేషన్ దాంట్లోకి వెళ్లదు. అతను ఏ రీజియన్ నొక్కాడో అక్కడికే వెళ్తుంది. ఏడబ్ల్యూఎస్‌కు భారత్‌లో 2016 నుంచి ముంబై, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్లున్నాయి. గూగుల్‌కు ముంబై, ఢిల్లీ ఉన్నాయి. అజూర్‌కు పుణె, చెన్నై, ముంబై ఉన్నాయి. రెండర్ లాంటి ప్లాట్‌ఫామ్‌లో మాత్రం మనకు దగ్గరగా దొరికేది సింగపూర్.

ఇక్కడొక పొరపాటు తరచుగా జరుగుతుంది. అప్లికేషన్ సింగపూర్‌లో, డేటాబేస్ అమెరికాలో, బకెట్ ముంబైలో పెట్టేస్తారు. ఒక్కోదాన్ని ఒక్కో రోజు, డిఫాల్ట్‌గా వచ్చిన రీజియన్‌తో తెరవడం వల్ల ఇలా అవుతుంది. ఒక పేజీకి ఇరవై డేటాబేస్ ప్రశ్నలుంటే ఇరవైసార్లు సముద్రం దాటాలి. పేజీ నెమ్మదిగా ఉందని సర్వర్‌కు పెద్ద ప్లాన్ కొంటారు, తేడా ఉండదు. అప్లికేషన్, డేటాబేస్ ఒకే రీజియన్‌లో ఉంటే ఈ ఆలస్యంలో చాలాభాగం డబ్బు పెట్టకుండానే పోతుంది.

చట్టం కూడా ఈ లెక్కలోకి వచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. వాటిలో ముఖ్యమైన బాధ్యతలు అక్కడినుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. డేటా దేశం దాటకూడదని ఈ చట్టం గుండుగుత్తగా అనలేదు. కేంద్రం ఆంక్ష పెట్టిన దేశాలకు మాత్రం పంపకూడదు. కోచింగ్ సెంటర్‌కు ఎక్కువ వర్తించేది వేరే నియమం. 18 ఏళ్లలోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి, అది నిజంగా వాళ్లే ఇచ్చారని సరిచూసుకోవాలి. ఫొటో ఏ బకెట్‌లో, ఏ రీజియన్‌లో ఉందో, చెరిపేయమంటే ఎక్కడెక్కడ చెరపాలో చెప్పలేని అప్లికేషన్‌కు ఆ రోజు కష్టమే.

ముందే తేల్చుకునే పరీక్ష

ఒక ప్లాట్‌ఫామ్‌లో ఫైళ్లు నిలుస్తాయో లేదో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. అప్లికేషన్ డిప్లాయ్ చేయగానే, నిజమైన యూజర్లు రాకముందే, ఒక ఫొటో ఎక్కించాలి. డ్యాష్‌బోర్డ్‌లో రీస్టార్ట్ నొక్కి పేజీ చూడాలి. తర్వాత కోడ్‌లో ఒక కామెంట్ మార్చి మళ్లీ డిప్లాయ్ చేసి చూడాలి. ఉచిత ప్లాన్ అయితే అరగంట వదిలేసి, నిద్ర లేపి చూడాలి. వీలుంటే ఇన్‌స్టాన్స్‌లు రెండు చేసి పదిసార్లు రిఫ్రెష్ కొట్టాలి.

ఎంవీపీ కాలనీ సెంటర్‌లో పోయిన 37 ఫొటోలు తిరిగి రావు. వాటిని మళ్లీ పిల్లల దగ్గర తీసుకోవాల్సిందే. డేటాబేస్‌లో పేర్లున్నాయి కాబట్టి, ఫొటో లేని వరుసల జాబితా తీసి ఒక్కొక్కరికీ మెసేజ్ పంపవచ్చు. ఆ మెసేజ్‌లో వెళ్లే అప్‌లోడ్ లింకు ఈసారి నేరుగా బకెట్‌కు వెళ్లేలా పెడితే, ఆఫీసులో అమ్మాయి ఇంకో సాయంత్రం కూర్చుని అన్నీ మళ్లీ ఎక్కించనక్కర్లేదు.